మైనా ఎన్నిసార్లు పలకొచ్చు

చర్చిలో ఎవరైనా అడిగితే మా నాన్న "మా పెద్దమ్మాయి సుపేలాలో ప్రింటింగ్ ప్రెస్సులో క్లర్కండి" అని చెప్పేవాడు. అది అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. నేను చేసిన పని కార్డుల ఆటకి రూల్స్ చెప్పడం. ఆ మాట పైకంటే సెక్టర్ 7లో మా తెలుగువాళ్ళ ఇళ్ళల్లో వెంటనే వచ్చే ప్రశ్న "పేకాటా?" అని. స్టీల్ ప్లాంటులో కోక్ ఓవెన్స్ దగ్గర ముప్ఫై ఏళ్ళు నిలబడ్డ మనిషి మా నాన్న. ఆ వేడికి ఏనాడూ జంకలేదు గానీ ఈ ఒక్క మాటకి జంకేవాడు.

మొన్నామధ్య నలుగురు పిల్లలు మా ఇంటికి వచ్చేరు. ఆదివారాలు ఒక షాపు మేడమీద కార్డుల పోటీలు పెడుతున్నారట. కార్డులన్నీ విదేశాలవి, రూల్స్ ఫోన్లో ఉంటాయి. "ఆంటీ, జడ్జ్ కా కామ్ కైసే కర్తే హై, జడ్జి పని ఎలా చెయ్యాలో కొంచెం చెప్పండి" అన్నారు. వాళ్ళకి తెలుగు సగం, హిందీ సగం. నోటితో చెప్తే ఏదో చెప్పి పంపించేస్తాను గానీ అసలు సంగతి దాటేస్తానని భయం వేసింది. అందుకే రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయడానికేమీ లేదు. ఆ ప్రెస్సులో నా బల్లకి పైన ఇంకో బల్ల లేదు.

ఆట

రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. ఆఫీసుల బోర్డులన్నీ మార్చి రాస్తున్నారు. మా ప్రెస్సు ఓనరు కిశోర్ భయ్యా పెళ్ళికార్డులూ క్యాలెండర్లూ వేసుకునే మనిషి. ఆయన దగ్గరికి సత్తిరాజు గారని ఒక పెద్దాయన డ్రాయింగు పుస్తకం పట్టుకుని వచ్చేరు. విజయనగరం వైపు మనిషి, ప్లాంటులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యేరు. ఛత్తీస్‌గఢ్ అంటే ముప్ఫై ఆరు కోటలు కదా, పిల్లలు కోటలు కట్టుకునే కార్డుల ఆట ఒకటి తయారు చేసేనని చెప్పేరు. కిశోర్ భయ్యా అక్కడికక్కడే ఒప్పుకున్నాడు. ఆటకి "గఢ్‌జీత్", అంటే కోట గెలుపు, అని పేరు పెట్టేడు.

ప్యాకెట్టుకి అయిదు కార్డులు. ఏ ప్యాకెట్టులో ఏవి వస్తాయో తెలీదు, పిల్లలు ఒకళ్ళతో ఒకళ్ళు మార్చుకునేవారు. ఆట తేలికే. నీ వంతు వస్తే ఒక కార్డు తీసుకుంటావు, చేతిలో ఉన్నవి ఎన్నైనా ఆడొచ్చు. ఆడిన ప్రతి కార్డుకీ నీ కోటకి ఒక రాయి. పన్నెండు రాళ్ళు పడితే కోట పూర్తయినట్టు, నువ్వు గెలిచినట్టు. ఆడేసిన కార్డు పక్కన దొంతరలోకి పోతుంది. ఇది కాకుండా ప్రతి కార్డుకీ ఒక పని ఉంటుంది. దీపం కార్డు ఆడితే నీ దొంతరలోంచి ఒక కార్డు తిరిగి చేతిలోకి తీసుకోవచ్చు. మైనా కార్డు, దానికి ముందు ఆడిన కార్డు ఏ పని చేసిందో అదే పని మళ్ళీ చేస్తుంది. కాపలా కార్డు ఉంటే ఎదుటివాడి వంతులో కూడా వాడి కార్డుని ఆపొచ్చు.

ఒక్కో కార్డు విడిగా చూస్తే చిన్నపిల్లాడికీ అర్థమవుతుంది. రెండు కలిపి ఆడినప్పుడే తగాదాలు. అందుకని ప్రతి ప్యాకెట్టు వెనకా మా అడ్రసు వేసేం, సందేహాలుంటే రాయమని. ఆ ఉత్తరాలకి జవాబు రాయడానికే నన్ను పెట్టుకున్నారు. తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ చక్కగా రాస్తానని.

సత్తిరాజు గారు

మొదటి నెలలోనే ఒక తప్పు చేసేను. ఒకమ్మ రాసింది. తన ఇద్దరు కొడుకులూ వాన కార్డు పడితే దీపం ఆరిపోతుందా లేదా అని కొట్టుకుని నాలుగు రోజులుగా మాట్లాడుకోవడం లేదట. వాన పడితే దీపం ఆరుతుంది కదా అని నేను "ఆరిపోతుంది" అని రాసేసేను. ఆ తరవాత సత్తిరాజు గారికి చెప్పేను.

ఆయన వాన కార్డు నా బల్లమీద పెట్టేరు. "సదువమ్మా" అన్నారు. చదివేను. "ఇందులో దీపం అన్న మాట ఉందా?"

"లేదండి."

"మరి నువ్వెక్కడ సదివేవు? నీ బుర్రలో ఉన్నది కార్డుమీద లేదు. ఆ పిల్లలకి కార్డు కనబడతాది, నీ బుర్ర కనబడదు."

ఆ పూటే రెండో ఉత్తరం రాసేను, నాదే తప్పని. దానికి ఆ తల్లి జవాబు రాసింది: ఓడిపోయిన చిన్నవాడు ఆ ఉత్తరం అన్నకి చూపించి మూడురోజులు ఊరంతా తిరిగేడని. అది చదివి నవ్వుకున్నాం. తప్పు దిద్దుకోవడం అంత తేలికని అప్పుడు అనుకున్నాను.

ఆయన ఇంకో మాట కూడా చెప్పేరు, రాసిన ప్రతి జవాబుకీ నకలు దాచమని. కొన్నాళ్ళు దాచేను. ఉత్తరాలు ఎక్కువయ్యేసరికి మానేసేను.

దుర్గ్ నుంచి ఒక కార్డు

ఆట మార్కెట్లోకి వచ్చిన రెండో ఏడు దుర్గ్ నుంచి ఒక పోస్టుకార్డు వచ్చింది. తెలుగులో ఉంది. మాకొచ్చే వందల కార్డుల్లో తెలుగువి వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు, చూడగానే ప్రాణం లేచొచ్చింది. రాసినాయన పేరు యోహాను, రైల్వేలో గ్యాంగ్‌మేన్. పట్టాల వెంట నడిచి బోల్టులు బిగించే పని. అక్షరాలు ఒక్కొక్కటీ విడివిడిగా, పెద్దగా, పలకమీద దిద్దినట్టున్నాయి.

"అయ్యా, నాకు ఒంట్లో బాగోక ఇంటికాడ ఉంటున్నాను. మా పాప రూతూ నేనూ ఈ ఆట ఆడతాం. ఒక సందేహం. నా దొంతరలో మైనా ఉంది. దీపం ఆడి మైనాని తీసుకుంటాను. మైనా ఆడితే అది దీపం చేసిన పనే చేస్తాది గనక, దీపాన్ని తీసుకుంటాను. మళ్ళీ దీపం ఆడి మైనాని తీసుకుంటాను. ఇలాగ ఎన్నిసార్లయినా ఆడి కోట కట్టేయొచ్చా? మైనా ఎన్నిసార్లు పలకొచ్చు? పాప అడుగుతోంది."

ఇంత శుభ్రంగా అడిగిన ప్రశ్న నాకు అంతకుముందు రాలేదు. కార్డులు తీసి బల్లమీద పెట్టి ఆడి చూసేను. ఆయన చెప్పినట్టే తిరుగుతోంది. కార్డుమీద ఎక్కడా వద్దని లేదు. సత్తిరాజు గారికి చూపించకుండా, నకలు తీయకుండా, ఆ సంతోషంలోనే జవాబు రాసేసేను: "ఆడొచ్చు. ఎన్నిసార్లయినా పలకొచ్చు. చాలా బాగా కనిపెట్టేరు. పాపకి నా దీవెనలు. ఎస్తేరు."

నెల తరవాత సత్తిరాజు గారితో మాటల్లో ఈ సంగతి వచ్చింది. ఆయన "తప్పు నాదే, కార్డు రాసినప్పుడు సూసుకోలేదు. ఇది ఆటని సంపేస్తాది. ఆపాల" అన్నారు. ఒక వంతులో మైనా ఒక్కసారే పలకాలని కొత్త రూలు రాసేం. చిన్న స్లిప్పు అచ్చువేసి కొత్త ప్యాకెట్లలో పెట్టించేం. యోహాను గారికి ఒక కార్డు రాయాలని నాకు తట్టలేదు.

పోటీ

ఆ చలికాలంలో దుర్గ్‌లో ఒక హాలు తీసుకుని పోటీ పెట్టేం. గెలిచిన పిల్లలు తమ సొంత కార్డు ఒకటి ఊహించి చెప్తే వచ్చే సిరీస్‌లో వేస్తాం, కింద వాళ్ళ పేరుతో. పిల్లలకి అంతకంటే పెద్ద బహుమతి లేదు. ఫారంలో "మీ కార్డు ఏమిటి" అన్నచోట పన్నెండేళ్ళ పిల్ల ఒకతె "గ్యాంగ్‌మేన్. పడిపోయిన రాయిని మళ్ళీ నిలబెడతాడు" అని రాసింది. ఆ ఫారం తీసుకున్నది నేనే. పేరు రూతు. రెండు జడలు, స్కూలు స్వెటరు. ఆ పేరు ఎక్కడో చదివినట్టే ఉంది గానీ ఎక్కడో తట్టలేదు.

"డాడీ రాలేదా అమ్మా?" అన్నాను.

"ఆసుపత్రిలో ఉన్నారాంటీ. కిడ్నీలు బాగోలేదు. సాయంత్రం వెళ్ళి చెప్పాల, ఏటైందో."

ఆమె ఒక్కొక్కళ్ళనే ఓడించుకుంటూ ఫైనల్‌కి వచ్చింది. ఎదురుగా నితిన్ అని ఒక అబ్బాయి, నెమ్మదస్తుడు. జడ్జిని నేను. కిశోర్ భయ్యా ముందు వరసలో కూర్చున్నాడు. రూతుకి ఏడు రాళ్ళు, నితిన్‌కి పది. తన వంతులో రూతు దీపం ఆడింది, మైనాని తీసుకుంది. మైనా ఆడింది, దీపాన్ని తీసుకుంది. మళ్ళీ దీపం ఆడబోతుంటే నితిన్ చెయ్యెత్తేడు. గొడవగా కాదు. "దీదీ, యే తో కభీ ఖతమ్ నహీ హోగా. యే చల్తా హై క్యా?" అని అడిగేడు, ఇలాగైతే ఆట ఎప్పటికీ ముగియదు, ఇలా ఆడొచ్చా అని.

నేను కొత్త రూలు చదివేను. ఒక వంతులో మైనా ఒక్కసారే.

రూతు నాకేసి చూసింది. "ఆంటీ, మీరే రాసేరు కదా ఆడొచ్చని."

ఇక్కడ నేను నిజం రాయాలి. ఆ మాట అనగానే నాకు గుర్తొచ్చింది. ఆ పెద్దపెద్ద అక్షరాలు, "పాప అడుగుతోంది" అన్న మాట, నేను రాసిన జవాబు, అంతా గుర్తొచ్చింది. హాలునిండా జనం. కిశోర్ భయ్యా చూస్తున్నాడు. నేనే ఆడొచ్చని రాసి నేనే వద్దంటున్నానని అంతమంది ముందు ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

"ఆ కార్డు ఉందా నీ దగ్గర?" అన్నాను.

"డాడీ దగ్గరుంది. ఆసుపత్రిలో."

"చూపించలేవు కదమ్మా మరి. ఇప్పుడున్న రూలు ఇది."

ఆమె ఎత్తిన దీపం కార్డు మళ్ళీ చేతిలో పెట్టుకుంది. నితిన్ తన వంతులో రెండు కార్డులు ఆడి కోట పూర్తి చేసేడు. పద్ధతిగా చెయ్యి కలిపేడు. రూతు కలిపింది. తరవాత సంచి తీసుకుని, బస్సు టైమైందని చెప్పి వెళ్ళిపోయింది. ఏడవలేదు.

రెండు వారాలు

మర్నాడు ప్రెస్సుకి వెళ్ళి వెనక గదిలో చూసేను. స్లిప్పు పెట్టిన కొత్త ప్యాకెట్ల కట్టలు విప్పకుండా అలాగే ఉన్నాయి. ఒక్కటి కూడా షాపుకి చేరలేదు. అంటే ఆ రూలు ఆ రోజుకి నాకూ సత్తిరాజు గారికీ తప్ప ఎవరికీ తెలీదు. ఆడేవాళ్ళ చేతికి అందని రూలు రూలు కాదు. ఈ ముక్క మా ఇంటికొచ్చిన ఆ నలుగురు పిల్లలూ ఎక్కడైనా రాసిపెట్టుకోవాలి. నేను ఆ రోజు చదివింది రూలు కాదు, మా బల్లమీది కాయితం.

కిశోర్ భయ్యాతో చెప్పేను, తీర్పు తప్పని ప్రకటించి ఆ అమ్మాయి కార్డు కూడా వేద్దామని. ఆయన చెడ్డవాడు కాదు. "బెహన్‌జీ, బచ్చోం కా ఖేల్ హై, పిల్లల ఆట. ఒకసారి తప్పని ఒప్పుకుంటే ఓడిపోయిన ప్రతివాడూ రాస్తాడు. ఛోడ్ దో, వదిలెయ్యండి" అన్నాడు. ఆ మాటలో కొంత న్యాయముంది. అయినా అది తప్పుమాటే. అప్పుడు గట్టిగా వాదించలేకపోయేను.

సత్తిరాజు గారు మాత్రం "నువ్వెళ్ళి ఆ తండ్రికి సెప్పమ్మా. ఉత్తరం కాదు, మనిషివే ఎళ్ళు. ఇవాళే ఎళ్ళు" అన్నారు.

వెళ్ళలేదు. కొత్త సిరీస్ ప్రూఫులున్నాయనుకున్నాను. ఆదివారం వెళ్దామనుకున్నాను, ఆ ఆదివారం చర్చిలో ఏదో పని పడింది. సుపేలా నుంచి దుర్గ్ ఎంత దూరమని? బస్సెక్కితే అరగంట. ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన నిలబడి ఏమని మొదలుపెట్టాలో తెలీక రోజులు జరిపేను. పనిలో తప్పులు అందరూ చేస్తారు. నాది తీర్పులో మొదలైన తప్పు గానీ, పెరిగింది ఈ రెండు వారాల్లోనే.

వెళ్ళేసరికి ఆయన పోయి నాలుగు రోజులైంది.

రైల్వే క్వార్టర్లో ఆయన భార్య మార్తమ్మ తలుపు తీసింది. నేనెవరో చెప్పేను. లోపల కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. రూతు స్కూల్లో ఉంది. నేను వచ్చిన పని చెప్తుంటే ఆమె మధ్యలో ఆపలేదు. అంతా విని అప్పుడు చెప్పింది.

"ఆ సాయంత్రం పిల్ల ఆసుపత్రికి వచ్చి సెప్పింది, ఆంటీ ఒద్దన్నాదని. ఈయన మీ కార్డు దిండుకింద నుంచి తీసి మళ్ళీ మళ్ళీ సదివేరు. మీరు తప్పు సెప్తారని ఆయనకి తోచలేదండి. 'నేనే అడగడం తప్పుగా అడిగేను తల్లీ. సదువుకున్నోళ్ళు తప్పు సెప్తారేటి? నా తెలివితక్కువ వల్ల నువ్వు ఓడిపోనావు' అన్నారు. అయిదో తరగతి సదివేరండి ఆయన. ఆ పిల్లకి నేర్పగలిగింది ఆ ఆటొకటే. తరవాత ఆయన ఇంక కార్డులు ముట్టుకోలేదు."

ఖాళీ గ్లాసు అందుకుంటూ ఆమే మళ్ళీ అంది. "వచ్చే శనివారం ప్రార్థన కూటం పెడుతున్నాం. ఆయన గురించి తెలిసినవాళ్ళు లేచి రెండు ముక్కలు సెప్తారు. మీరు రండి. నాకు సెప్పింది అక్కడ సెప్పండి, పిల్ల వింటాది."

శనివారం

రైల్వే క్వార్టర్ల మధ్య ఖాళీ స్థలంలో షామియానా వేసేరు. నలభై యాభైమంది ఉంటారు. అంతా ఆయనతో పట్టాలమీద పనిచేసినవాళ్ళూ, వాళ్ళ కుటుంబాలూ. పాస్టరుగారు వాక్యం చదివేక ఒక్కొక్కరూ లేచి మాట్లాడేరు. ఎండలో తన నీళ్ళ సీసా ఇచ్చేసేవాడని ఒకరు, సెలవడిగితే తన సెలవు వదులుకునేవాడని ఒకరు. నేను లేచేను.

"నా పేరు ఎస్తేరు. యోహాను గారిని నేను చూడలేదు. ఆయన నాకొక ప్రశ్న రాసేరు. చాలా సరిగ్గా అడిగేరు. నేను ఆడొచ్చని జవాబు రాసేను. అదీ సరైనదే. తరవాత వాళ్ళ పాప ఆడుతున్నప్పుడు నేను ఒద్దన్నాను. అది తప్పు. నేను రాసిన సంగతి నాకు గుర్తుండి కూడా దాచేను. అడిగినాయనలో తప్పు లేదు, ఆడిన పిల్లలో తప్పు లేదు."

ఆటేమిటో రూలేమిటో అక్కడ చాలామందికి తెలీదు. అయినా ఎవరూ కదలకుండా విన్నారు. మార్తమ్మ తలొంచుకుని కళ్ళు తుడుచుకుంది. రూతు నాకేసి చూడలేదు.

భోజనాలప్పుడు నేను చెయ్యి కడుక్కుంటుంటే రూతు నా దగ్గరికి వచ్చింది.

"ఆంటీ, ఆ రోజు నితిన్ చేతిలో కాపలా కార్డు ఉందా?"

ఆట అయ్యేక కార్డులు సర్దింది నేనే. వాడి చేతిలో ఏమున్నాయో చూసేను. ఆ పిల్ల అడుగుతుందేమోనని దారిపొడుగునా భయపడుతూనే వచ్చేను. లేదంటే గెలిచి ఉండేదని చెప్పినట్టు. ఉందంటే నా బరువు కొంత దిగుతుంది, కానీ అబద్ధం.

"లేదమ్మా" అన్నాను.

"మీరు చూసేరా?"

"చూసేను."

ఆమె వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. దీపం, మైనా, దీపం, మైనా. "అప్పటికే తొమ్మిది రాళ్ళయ్యాయి. ఇంకో మూడుసార్లు ఆడితే అయిపోయేది."

"ఔను. ఆ వంతులోనే గెలిచేదానివి."

రూతుని లోపల ఎవరో పిలుస్తుంటే "వస్తన్నా" అని కేకేసింది. తరవాత నెమ్మదిగా, పెద్దవాళ్ళు చెప్పినట్టు చెప్పింది.

"ఈ మాట మమ్మీకి చెప్పకండాంటీ. డాడీ అడగడం రైటేనని చెప్పేరు కదా, మమ్మీకి అది చాలు. గెలిచేవాళ్ళమని తెలిస్తే మళ్ళీ మొదట్నుంచి ఏడుస్తాది."

చెప్పనని మాటిచ్చేను. ఆమె వెళ్ళి వచ్చినవాళ్ళకి విస్తళ్ళు వేసింది.

ఇప్పుడు

ఆ తరవాత ఇంకా చాలా ఏళ్ళు జవాబులు రాసేను. ప్రతిదానికీ నకలు తీసేను. రెండుసార్లు పోటీల మధ్యలో నా తప్పు తెలిసి అక్కడే ఆట ఆపించి తప్పని చెప్పేను. కిశోర్ భయ్యాకి నచ్చలేదు, అయినా చెప్పేను. సత్తిరాజు గారు పోయేరు. పిల్లల చేతుల్లోకి ఫోన్లొచ్చేక గఢ్‌జీత్ కొనేవాళ్ళు తగ్గిపోయి, ఆట ఆగిపోయింది. నితిన్ ఊహించిన పులి కార్డు అచ్చయింది. గ్యాంగ్‌మేన్ కార్డు అవలేదు. రూతు మళ్ళీ ఏ పోటీకీ రాలేదు.

మార్తమ్మ గారు బతికున్నంతకాలం నేను రూతుకిచ్చిన మాట నిలబెట్టుకున్నాను. ఆమె కిందటేడు పోయేరు. ఇది రాసేముందు రూతుకి ఫోన్ చేసేను. రాయ్‌పూర్‌లో నర్సుగా చేస్తోంది. ఈ సంగతులన్నీ రాయొచ్చా అని అడిగేను.

"రాయండాంటీ" అంది. "అప్పుడు తప్పని అచ్చెయ్యలేదు కదా మీరు. ఇప్పుడు వెయ్యండి. డాడీ పేరుతో."

ఆయన పేరు యోహాను. దుర్గ్‌లో గ్యాంగ్‌మేన్. మైనాని ఎన్నిసార్లయినా ఆడొచ్చా అని ఆయన అడిగేరు. ఆ రోజు ఉన్న రూలు ప్రకారం ఆడొచ్చు. ఆయన సరిగ్గానే చదివేరు.